ఫిసల్‌బండ నుంచి నక్షత్ర పట్టీ దాకా: నిజామియా అబ్జర్వేటరీ కొలతల చరిత్ర

హైదరాబాద్ పాతబస్తీలో ఫలక్‌నుమా కొండకు ఈశాన్యంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో ఫిసల్‌బండ ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నిజామియా అబ్జర్వేటరీకి అక్కడే పునాది వేశాడు. ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించాడు. సంస్థకు నిజాం పేరు పెట్టుకోవడానికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర అనుమతి తీసుకున్నాడు. తన తరువాత దాన్ని ప్రభుత్వమే చూసుకోవాలని కోరాడు. ఆ అబ్జర్వేటరీ నాలుగు దశాబ్దాల్లో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి పుస్తకాల్లో అచ్చు వేసింది. పరికరం చేతికి వచ్చిన నాటికీ దాని కొలతను ప్రపంచం నమ్మిన నాటికీ మధ్య ఎంత పని ఉంటుందో తెలుసుకోవడానికి తెలుగు నేల మీద ఇంతకు మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

జఫర్ జంగ్ పాయిగా కుటుంబం వాడు. నిజాం తరువాత అంతటి హోదా ఉన్న ఆ ఇంట్లో శాస్త్రాల మీద ఆసక్తి కొత్తది కాదు. ముత్తాత ఫక్రుద్దీన్ ఖాన్, అంటే రెండో షంసుల్ ఉమ్రా, పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలోనే సొంత బడి, సొంత అచ్చుకూటం నడిపాడు. యంత్రశాస్త్రం, నీటి ఒత్తిడి, గాలి, కాంతి, విద్యుత్తు, ఖగోళం మీద ఇంగ్లీషు పాఠాలను ఉర్దూలోకి మార్పించి ‘సిత్తా-ఎ-షంసియా’ పేరుతో అచ్చు వేయించాడు. 1884లో ఫలక్‌నుమా ప్యాలెస్‌కు పునాది వేసిన వికారుల్ ఉమ్రా, జఫర్ జంగ్ తండ్రి ఖుర్షీద్ జాకు తమ్ముడు. చిన్నాయన ఫలక్‌నుమా కొండ మీద పాలరాతి మహలు కట్టిస్తే, అన్న కొడుకు ఆ చుట్టుపక్కలే టెలిస్కోపు నిలబెట్టాలనుకున్నాడు. మహలు 1897లో నిజాం చేతికి వెళ్లింది. 1893 నుంచి 1901 దాకా ప్రధానమంత్రిగా పనిచేసిన వికారుల్ ఉమ్రా 1902లో కన్నుమూశాడు.

సొంత డబ్బుతో అబ్జర్వేటరీ కట్టిన వాళ్లలో తెలుగు దేశంలో జఫర్ జంగ్ మొదటివాడు కాడు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే ఆ పని చేశాడు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపి 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని పరిశీలించాడు. జగ్గారావు, జఫర్ జంగ్ ఇద్దరిలోనూ ఒకే రకమైన పట్టుదల కనిపిస్తుంది. విశాఖ అబ్జర్వేటరీ మాత్రం ఒక ఇంటి శ్రమగానే ఉండిపోయింది. హైదరాబాద్‌ది ఒక అంతర్జాతీయ పథకంలో భాగమైంది. ఆ పథకంలో చేరినందువల్లే హైదరాబాద్ కొలతలకు కచ్చితమైన పరీక్షలు ఎదురయ్యాయి.

జఫర్ జంగ్ 1907లో చనిపోయాడు. అప్పటికి పరికరాలు ఉన్నాయి, అనుమతి ఉంది, పేరు ఉంది. శాస్త్రలోకానికి అందిన నక్షత్రాల జాబితా మాత్రం ఏదీ లేదు. 15 అంగుళాల గ్రబ్‌తో పాటు యార్క్ నగరానికి చెందిన కుక్ కంపెనీ తయారుచేసిన 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్ కూడా సిద్ధమైంది. నక్షత్రాలను ఫొటో పలకల మీదికి ఎక్కించడానికే చేసిన టెలిస్కోపు అది. 1908లో నిజాం ప్రభుత్వం అబ్జర్వేటరీని తన చేతుల్లోకి తీసుకుంది. ఆర్థిక శాఖ కింద పెట్టి, ఆర్థర్ చాట్‌వుడ్‌ను తొలి డైరెక్టర్‌గా నియమించింది. ఆయన హయాంలో అబ్జర్వేటరీ ఫిసల్‌బండ విడిచి నగరానికి ఉత్తరాన ఉన్న బేగంపేటకు మారింది. పాతబస్తీలో మొదలైన సంకల్పం అక్కడే ఫలించకపోవడం బాధ కలిగించే విషయమే. కొత్త చోట దిమ్మెలు కట్టాలి, గుమ్మటాలు లేపాలి, అక్షాలు సరిచూడాలి. అంతర్జాతీయ పథకం కేటలాగుకు పనికొచ్చిన పలకలు తీయడం 1914 నుంచి గానీ మొదలుకాలేదు. సంకల్పం 1901 నాటిది, పని 1914 నాటిది. ఆ పదమూడేళ్లను వృథా అనుకోవడం సరికాదు. కొలిచే సాధనాన్ని నమ్మదగినదిగా చేయడంలో పెద్ద భాగం బయటివాళ్లకు కనపడదు.

హైదరాబాద్ రాజ్యంలో కచ్చితమైన కొలతల చరిత్ర అంతకు ముందే ఉంది. విలియం లాంబ్టన్ మద్రాసులో మొదలుపెట్టిన భూసర్వే దక్కన్ మీదుగా ఉత్తరానికి సాగింది. 1815లో బీదర్ దగ్గర ఒక ఆధార రేఖను నేల మీద గొలుసుతో కొలిచారు. జార్జ్ ఎవరెస్ట్ 1818లో లాంబ్టన్‌కు సహాయకుడిగా చేరాడు. కొలిచే గొలుసు వాడకంతో సాగిపోతుంది, ఎండకు పెరుగుతుంది. అందుకని లాంబ్టన్ దగ్గర రెండు గొలుసులు ఉండేవి. ఒకటి నేల మీద పనిచేసేది. రెండోది పని గొలుసును సరిచూడడానికే దాచిపెట్టింది. కొలిచే వస్తువును కొలవడానికి మరొక వస్తువు ఉండాలన్న ఈ పద్ధతి శతాబ్దం తరువాత బేగంపేటలో నక్షత్రాల విషయంలో ఇంకా సూక్ష్మంగా అమలైంది.

ఆ అంతర్జాతీయ పథకం 1887లో పారిస్‌లో పుట్టింది. పారిస్ అబ్జర్వేటరీ అధిపతి, నౌకాదళ అడ్మిరల్ ఎర్నెస్ట్ మూషే పిలుపు మీద అనేక దేశాల ఖగోళవేత్తలు సమావేశమై ఆకాశం మొత్తాన్ని ఫొటో తీయాలని నిర్ణయించారు. రెండు పనులు పెట్టుకున్నారు. ఒకటి మసక నక్షత్రాల దాకా చూపే పటం. రెండోది సుమారు 11వ తరగతి వెలుగు దాకా ఉన్న నక్షత్రాల స్థానాలను కొలిచి అచ్చువేసే ‘ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్’. ఆకాశాన్ని ఉత్తర ధ్రువం నుంచి దక్షిణ ధ్రువం దాకా పట్టీలుగా విడగొట్టి ఒక్కో అబ్జర్వేటరీకి ఒక్కో పట్టీ అప్పగించారు. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ చిలీ దేశంలోని శాంటియాగోకు వెళ్లింది. అక్కడ పని సాగలేదు. చివరికి ఆ పట్టీ హైదరాబాద్‌కు వచ్చింది.

హైదరాబాద్‌కు ఆ పట్టీ తగినదేనా అన్నది లెక్క వేసి చూడవచ్చు. బేగంపేట సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మైనస్ 20 డిగ్రీల దగ్గరి నక్షత్రం దక్షిణ దిక్కున అత్యంత పైకి వచ్చినప్పుడు అక్కడి నుంచి దిగంతానికి 52 డిగ్రీల పైచిలుకు ఎత్తులో కనిపిస్తుంది. దిగంతం దగ్గర పడేకొద్దీ గాలి కాంతిని వంచుతుంది, మింగేస్తుంది. ఈ ఎత్తులో ఆ బెడద భరించదగినంతే. యూరప్‌లో ఉన్న అబ్జర్వేటరీలకు ఇదే పట్టీ దిగంతానికి దగ్గరగా ఉంటుంది. దక్కన్ పీఠభూమి మీద టెలిస్కోపు ఉండడం వల్ల కలిగిన మేలు ఇదే.

పథకం అందరికీ ఒకే నమూనా పరికరాన్ని నిర్ణయించింది: 13 అంగుళాల కటకం, సుమారు మూడున్నర మీటర్ల నాభ్యంతరం. అప్పుడు ఆకాశంలో ఒక ఆర్క్ నిమిషం పలక మీద సరిగ్గా ఒక మిల్లీమీటరు అవుతుంది. ఎవరు తీసినా, ఎక్కడ తీసినా స్కేలు ఒక్కటే కావాలన్నది ఉద్దేశం. పరిశోధనలో పదిమంది కలిసి కొలిచేటప్పుడు మొదట ఒప్పందం కుదరాల్సింది ఇక్కడే. హైదరాబాద్ కుక్ కటకం 8 అంగుళాలదే. కటకం వైశాల్యం 13 అంగుళాల దానికంటే రెండున్నర రెట్లకు పైగా తక్కువ. అంత తక్కువ కాంతితో అదే తరగతి నక్షత్రాన్ని పట్టాలంటే పలకను ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఎక్కువసేపు అంటే టెలిస్కోపు ఆకాశంతో పాటు తడబడకుండా తిరగాలి. పరిశీలకుడు పక్క గొట్టంలో ఒక నక్షత్రాన్ని తీగల కూడలిలో పట్టుకుని, అది జారినప్పుడల్లా సర్దుతూ కూర్చోవాలి. అతని చేయి ఏమాత్రం తడబడినా పలక మీద చుక్క గుండ్రంగా కాక కోలగా వస్తుంది. కోల చుక్కకు నడిమి ఎక్కడో తేల్చడం కష్టం.

హైదరాబాద్ దక్షిణ పట్టీకి తీసిన పలకలు 1,260. ఈ సంఖ్య వెనక ఒక అమరిక ఉంది. ఒక్కో పలక రెండు డిగ్రీలు పొడవు, రెండు డిగ్రీలు వెడల్పు ఉన్న ఆకాశాన్ని చూపుతుంది. మైనస్ 17 నుంచి మైనస్ 23 దాకా ఏడు వరుసలు. వరుసకు 180 పలకలు. ఏడు వరుసలను 180తో గుణిస్తే 1,260. రెండు డిగ్రీల పలకను ఒక్కో డిగ్రీకి ఒక వరుస చొప్పున పేర్చడం వల్ల, పైగా ఒక వరుసను పక్క వరుసకు సగం జరిపి పెట్టడం వల్ల, ఒక పలక మూల పక్క పలక నడిమిన పడుతుంది. అంటే ప్రతి నక్షత్రమూ కనీసం రెండు పలకల మీద, కటకంలో రెండు వేర్వేరు చోట్ల పడుతుంది. పని రెట్టింపయింది. ఆ రెట్టింపు పని లేకపోతే ఈ కేటలాగు తప్పు ఎంతో ఎవరికీ తెలిసేది కాదు.

పలక మీద నక్షత్రం పడడం పనిలో సగమే. ఆ తరువాత జరిగే కొలతను దగ్గరగా చూడాలి. ఫొటో పలక అంటే గాజు మీద జెలటిన్ పూత. డెవలప్ చేసి కడిగి ఆరబెట్టినప్పుడు, తడి బట్ట ఆరితే ముడుచుకున్నట్టు, ఆ పూత అక్కడక్కడ కొద్దిగా లాగుకుంటుంది. గాజు కదలకపోయినా నక్షత్రపు చుక్క కదిలిపోతుంది. దీనికి విరుగుడుగా గళ్ల పలకను వాడారు. వెండి పూత పూసిన గాజు మీద అయిదు మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున నిలువు, అడ్డ గీతలు గీసి ఉంటాయి. ఒక్కో వైపు 26 గళ్లు, మొత్తం 676. ఫొటో పలకను దీని కింద పెట్టి ఒక క్షణం వెలుతురు చూపితే గీతలు కూడా నక్షత్రాలతో పాటు ముద్రపడతాయి. రెండూ ఒకేసారి డెవలప్ అవుతాయి. పూత లాగుకుంటే చుక్కా గీతా కలిసే జరుగుతాయి. కాబట్టి నక్షత్రాన్ని పలక అంచు నుంచి కొలవరు, తన గడి గీతల నుంచే కొలుస్తారు. ఆ అయిదు మిల్లీమీటర్లలో పూత వల్ల వచ్చే తేడా లెక్కలోకి రానంత చిన్నది. పందొమ్మిదో శతాబ్దపు కొలతల కళలో ఇంత తెలివైన ఉపాయాలు అరుదు. గళ్ల గీతల్లోనూ తప్పులుంటాయి. అందుకని ఏ గీత ఎంత పక్కకు పోయిందో ముందే కొలిచి పట్టిక తయారుచేసుకుని, ఆ మేరకు సవరణ కలిపేవారు.

ఇక కొలిచే కన్ను. పలకను కొలత యంత్రంలో బిగించి, సూక్ష్మదర్శినిలోంచి ఒక్కో గడినీ చూస్తారు. గడిలో ఉన్న ప్రతి చుక్కకూ ఎడమ గీత నుంచి ఎంత, కింది గీత నుంచి ఎంత అన్నది చదివి రాస్తారు. ఆకాశంలో ఒక ఆర్క్ సెకను అంటే పలక మీద మిల్లీమీటరులో అరవయ్యో వంతు. కేటలాగు కోరింది అంతకంటే తక్కువ తప్పు. చుక్కకు నడిమి ఇదీ అని నిర్ణయించడంలో మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. కొందరి కన్ను కాస్త ఎడమకు మొగ్గుతుంది, కొందరిది కుడికి. పెద్ద చుక్కల దగ్గర ఒక రకంగా, చిన్న చుక్కల దగ్గర మరో రకంగా మొగ్గవచ్చు. దీనికి అప్పటి అబ్జర్వేటరీల్లో పాటించిన మందు పలకను తలకిందులుగా తిప్పి మళ్లీ మొదటి నుంచి కొలవడం. మొదటిసారి ఎడమకు పోయిన మొగ్గు రెండోసారి పలక లెక్కలో కుడికి వస్తుంది. రెండింటి సగటు తీస్తే మొగ్గు చాలావరకు కొట్టుకుపోతుంది. రెండు చదువుల మధ్య తేడా మరీ ఎక్కువగా ఉంటే ఎక్కడో అంకె తప్పు పడిందని తేలుతుంది. అప్పుడు మూడోసారి కొలవాలి.

మనిషి కన్నులోని ఈ మొగ్గు ఖగోళానికి పాత సమస్య. 1796లో గ్రీనిచ్ అబ్జర్వేటరీ అధిపతి మాస్కెలిన్ తన సహాయకుడు కిన్నెబ్రూక్‌ను పనిలోంచి తీసేశాడు. తీగను నక్షత్రం దాటే క్షణాన్ని ఆ సహాయకుడు తనకంటే దాదాపు 0.8 సెకను ఆలస్యంగా నమోదు చేస్తున్నాడని కారణం చెప్పాడు. తరువాత జర్మన్ ఖగోళవేత్త బెస్సెల్ పరిశీలకులను జతలు జతలుగా పోల్చి, ఈ తేడా అజాగ్రత్త కాదనీ, ప్రతి మనిషికీ తనదైన తేడా ఒకటి ఉంటుందనీ చూపించాడు. మనిషి స్పందనలను కొలిచే మనస్తత్వ శాస్త్రానికి ఉన్న మూలాల్లో ఇదొకటి. సర్వే పత్రాలు, పరీక్షా పత్రాలు తయారుచేసేవాళ్లు నేటికీ వాడే మాటలు, అంటే ఒకే మనిషి రెండుసార్లు కొలిస్తే ఒకటే వస్తుందా, ఇద్దరు కొలిస్తే ఒకటే వస్తుందా అన్న ప్రశ్నలు, ఈ అబ్జర్వేటరీల గదుల్లో రోజువారీ పనిగా ఉండేవి. కిన్నెబ్రూక్‌కు అన్యాయం జరిగిందన్నది నిజం. పలకను తిప్పి కొలిచే నియమం అలాంటి అన్యాయం మళ్లీ జరగకుండా చేసింది. అందులో కొలిచే మనిషిని తప్పుపట్టే అవసరం లేదు, అతని మొగ్గును లెక్కలోంచి తీసేస్తారంతే.

పలక మీద మిల్లీమీటర్లను ఆకాశంలో డిగ్రీలుగా మార్చడం ఇంకో మెట్టు. పలక కాస్త వంకరగా బిగించి ఉండవచ్చు, నడిమి కాస్త జరిగి ఉండవచ్చు, చలి రాత్రికి వేడి రాత్రికి స్కేలు రవ్వంత మారవచ్చు. ఆక్స్‌ఫర్డ్ ఖగోళవేత్త హెర్బర్ట్ హాల్ టర్నర్ 1893లో దీనికి తేలికైన దారి చూపాడు. వక్రతకూ వాలుకూ విడివిడిగా పెద్ద సూత్రాలు కట్టే బదులు, ప్రతి పలకకూ ఆరు స్థిరాంకాలు ఉంటే చాలన్నాడు. అడ్డ దిశకు మూడు, నిలువు దిశకు మూడు. వాటిలోనే జరుగుడు, తిరుగుడు, స్కేలు అన్నీ ఇమిడిపోతాయి. స్థానం ముందే బాగా తెలిసిన నక్షత్రాలు మూడు ఉంటే ఆరు స్థిరాంకాలూ దొరుకుతాయి. మూడే వాడితే తప్పు తెలియదు. అందుకే దొరికినన్ని సూచన నక్షత్రాలను తీసుకుని, అన్నిటికీ వీలైనంత సరిపోయే స్థిరాంకాలను లెక్కకట్టేవారు. ఒక్కో సూచన నక్షత్రం దగ్గర మిగిలిన తేడా ఆ పలక ఎంత బాగుందో చెప్పేది. కంప్యూటర్లు లేని కాలం. పన్నెండు వందల పలకలకు ఈ లెక్కలు లాగరిథమ్ పట్టికలతో, చేతి యంత్రాలతో సాగాయి.

1914లో చాట్‌వుడ్ తరువాత డైరెక్టర్‌గా వచ్చిన రాబర్ట్ పోకాక్ ఆక్స్‌ఫర్డ్‌లో టర్నర్ శిష్యుడు. హైదరాబాద్ పని గాడిలో పడింది ఆయన రాకతోనే. గుమ్మటం కట్టించడం ఒక నేర్పు, గుమ్మటంలోంచి నమ్మదగిన అంకె తీయడం ఇంకో నేర్పు. ఆ రెండోది హైదరాబాద్‌కు ఆక్స్‌ఫర్డ్ నుంచి ఒక మనిషి రూపంలో వచ్చింది. పోకాక్ ఎక్కువ కాలం ఉండలేదు. 1918లో హైదరాబాద్‌లో పని చేస్తుండగానే చనిపోయాడు. ఆయన తరువాత టి.పి. భాస్కరన్ బాధ్యత తీసుకున్నాడు. అబ్జర్వేటరీకి తొలి భారతీయ డైరెక్టర్ ఆయనే. 1944 దాకా, అంటే పాతికేళ్లకు పైగా, పలకలు తీయడం, కొలవడం, లెక్కకట్టడం, అచ్చువేయించడం అంతా ఆయన కనుసన్నల్లో నడిచింది. నిజామియా కేటలాగు అంటే ముందుగా గుర్తుకు రావలసిన పేరు భాస్కరన్. జఫర్ జంగ్ పేరుకు దొరికిన గుర్తింపులో సగం కూడా ఆయన పేరుకు దొరకలేదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన మరుసటి ఏడు, 1919లో, అబ్జర్వేటరీ దాని కిందికి వెళ్లింది. జఫర్ జంగ్ మొదట తెప్పించిన 15 అంగుళాల గ్రబ్ 1922లో గానీ బేగంపేటలో నిలబడలేదు. కొన్ననాటికీ అమర్చిన నాటికీ మధ్య రెండు దశాబ్దాలు గడిచాయి. ఆ తరువాత అది జంట నక్షత్రాలను, వెలుగు మారే నక్షత్రాలను, చంద్రుడు నక్షత్రాలను కప్పే క్షణాలను పరిశీలించడానికి ఉపయోగపడింది.

దక్షిణ పట్టీ పలకలు 1929 దాకా సాగాయి. అప్పటికి మరో పట్టీ కూడా హైదరాబాద్ చేతికి వచ్చింది. జర్మనీలోని పాట్స్‌డామ్ తనకు ఇచ్చిన ఉత్తర పట్టీని పూర్తి చేయలేకపోయింది. దాన్ని మూడుగా పంచి, ప్లస్ 36 నుంచి ప్లస్ 39 డిగ్రీల భాగాన్ని హైదరాబాద్‌కు ఇచ్చారు. మిగతావి ఆక్స్‌ఫర్డ్‌కు, బెల్జియంలోని ఉక్కెల్‌కు వెళ్లాయి. హైదరాబాద్ నుంచి ఆ పట్టీ నడినెత్తికి ఇరవై డిగ్రీల దూరంలోనే దాటుతుంది కాబట్టి గాలి చిక్కు ఇంకా తక్కువ. 1928 నుంచి 1938 దాకా 592 పలకలు తీశారు. నాలుగు వరుసలు, వరుసకు 148. ధ్రువం వైపు వెళ్లేకొద్దీ వలయాలు చిన్నవవుతాయి కాబట్టి 180 అక్కర్లేదు. శాంటియాగో వదిలిన పట్టీని, పాట్స్‌డామ్ ముగించలేకపోయిన దానిలో తన వంతును, రెండిటినీ పూర్తిచేసిన చోటు నిజాం రాజధాని. ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ చరిత్రలో హైదరాబాద్ స్థానం ఇదీ.

ఈ పనిలో ఒక బలహీనత ఉంది. స్థానాల కొలతకు పట్టిన శ్రద్ధ వెలుగు కొలతకు పట్టలేదు. పలక మీద చుక్క ఎంత పెద్దదైతే నక్షత్రం అంత వెలుగైనదని తీసుకుని, చుక్క వ్యాసాన్ని వెలుగు తరగతిగా మార్చేవారు. ఆ మార్పు సూత్రం అబ్జర్వేటరీకి అబ్జర్వేటరీకి మారింది. పూత మందం, ఎక్స్‌పోజర్ వ్యవధి, ఆ రాత్రి గాలి నిలకడ అన్నీ వ్యాసాన్ని మార్చేస్తాయి. ఒక పట్టీలో పదో తరగతి అన్నది పక్క పట్టీలో పదో తరగతి కాకపోవచ్చు. స్థానాలకు ఉన్నట్టు అందరూ ఒప్పుకున్న సూచన ప్రమాణం వెలుగుకు లేకపోవడమే ఇందుకు కారణం. పరికరం ఒకటే, పలక ఒకటే, చూసే కన్ను ఒకటే. అయినా అందులోంచి వచ్చిన రెండు కొలతల్లో ఒకటి దశాబ్దాలు నిలిచింది, రెండోదాన్ని తరువాతి వాళ్లు మళ్లీ సరిచేయాల్సి వచ్చింది.

1946 నాటికి హైదరాబాద్ 12 సంపుటాలు అచ్చువేసింది. ఆ సంపుటాలు తిరగేస్తే నిలువుగా అంకెల వరుసలే కనిపిస్తాయి. పలక మీద కొలిచిన అడ్డ దూరం, నిలువు దూరం, వెలుగు అంచనా. ఆకాశంలో స్థానం నేరుగా ఉండదు. దాన్ని కట్టుకోవడానికి కావలసిన పలక స్థిరాంకాలు వేరుగా ఇచ్చారు. ఇది పథకమంతా పాటించిన పద్ధతి. వాడేవాడికి ఇది కష్టం. ఒక నక్షత్రం కావాలంటే లెక్క వేసుకోవాలి. అందువల్ల చాలాకాలం ఖగోళవేత్తలు ఈ సంపుటాలను అంతగా వాడలేదు. దశాబ్దాల శ్రమ అలమారాలకే పరిమితమైందన్న విమర్శ వచ్చింది. అప్పటికి ఆ విమర్శ అన్యాయమేమీ కాదు.

అబ్జర్వేటరీ నీడలో పెరిగిన వాళ్లలో వైణు బప్పు ఒకడు. తండ్రి అక్కడ పనిచేసేవాడు. నిజాం కాలేజీలో చదువుతూనే వెలుగు మారే నక్షత్రాల మీద పరిశీలనలు చేసి ప్రచురించాడు. 1949లో హార్వర్డ్‌లో ఉండగా ఒక తోకచుక్కను కనిపెట్టాడు. తరువాత భారతదేశంలో ఆధునిక ఖగోళ పరిశీలనకు పెద్ద దిక్కయ్యాడు. 1944లో భాస్కరన్ తరువాత డైరెక్టరైన అక్బర్ అలీ 48 అంగుళాల టెలిస్కోపుకు ప్రయత్నం మొదలుపెట్టాడు. బేగంపేట చుట్టూ నగరం పెరిగింది, దీపాలు పెరిగాయి, విమానాశ్రయం వచ్చింది. నల్లని ఆకాశం కోసం నగరానికి ఆగ్నేయంగా యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న జపాల్, రంగాపూర్ గ్రామాల మధ్య చోటు ఎంచుకున్నారు. అమెరికాలో ఫెకర్ కంపెనీ చేసిన ఆ టెలిస్కోపును 1968లో అక్కడ నిలబెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ జపాల్-రంగాపూర్ మీదుగా సాగింది. బేగంపేటలో పాత ఆవరణలో ఇప్పుడు ఉన్నది ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం. 1980లో స్థాపించిన ఆ సంస్థ చిరునామాలో నిజామియా అబ్జర్వేటరీ ఆవరణ అన్న మాట నిలిచి ఉంది. గ్రామాల్లో ఆదాయాలను, వలసలను ప్రశ్నపత్రాలతో కొలిచేవాళ్లు ఇప్పుడు అక్కడ కూర్చుంటున్నారు. ఇద్దరు సర్వేయర్లు ఒకే ఇంటికి వెళ్తే ఒకే అంకె తెస్తారా అన్నది వాళ్ల ముందున్న ప్రశ్నల్లో ఒకటి.

కేటలాగుకు రెండో జీవితం అమెరికాలో దొరికింది. 1989లో యూరప్ అంతరిక్ష సంస్థ పంపిన హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాల స్థానాలను ముందెన్నడూ లేనంత సూక్ష్మంగా కొలిచింది. ఉపగ్రహం పనిచేసింది కొద్ది ఏళ్లే. నక్షత్రం ఆకాశంలో ఎటు, ఎంత వేగంగా కదులుతున్నదో తెలియాలంటే ఇప్పటి స్థానం చాలదు, చాలా ఏళ్ల కిందటి స్థానం కూడా కావాలి. ఆ పాత స్థానాలు ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగులో ఉన్నాయి. అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీలో షాన్ అర్బన్, థామస్ కార్బిన్ బృందం కంప్యూటరుకెక్కిన అన్ని పట్టీల అంకెలనూ తీసుకుని, హిప్పార్కస్ కొలతలను కొత్త సూచనగా పెట్టుకుని ప్రతి పలకకూ స్థిరాంకాలను మళ్లీ లెక్కకట్టింది. 46 లక్షల నక్షత్రాలతో ‘ఏసీ 2000’ అలా తయారైంది. హైదరాబాద్ రెండు పట్టీలూ అందులో ఉన్నాయి. వెలుగు తరగతులను కూడా ఉపగ్రహం కొలిచిన విలువలతో పోల్చి ఒకే స్కేలుకు తెచ్చారు.

సంపుటాలు అచ్చువేసినవాళ్లు పలక మీది దూరాలను వదిలేసి అప్పటి సూచన నక్షత్రాలతో కట్టిన తుది స్థానాలను మాత్రమే ఇచ్చి ఉంటే ఇది సాధ్యమయ్యేది కాదు. ఆ సూచన నక్షత్రాల తప్పులు తుది స్థానాల్లో కలిసిపోయి, విడదీయడానికి వీల్లేకుండా పోయేవి. అసలు చదువు చెక్కుచెదరకుండా ఉంది కాబట్టి సూచన మారితే ఫలితాన్ని మార్చుకోగలిగారు. హైదరాబాద్ దక్షిణ పట్టీకీ హిప్పార్కస్‌కూ మధ్య దాదాపు డెబ్భై ఏళ్ల ఎడం ఉంది. పాత స్థానంలో ఆర్క్ సెకనులో మూడు పదోవంతుల తప్పు ఉన్నా, డెబ్భై ఏళ్లకు పంచితే నక్షత్రం వేగంలో వచ్చే తప్పు ఏడాదికి ఆర్క్ సెకనులో వెయ్యి వంతుల్లో నాలుగు మాత్రమే. 2000లో వెలువడిన టైకో-2 కేటలాగు సుమారు 25 లక్షల నక్షత్రాల కదలికలను ఇచ్చింది. ఆ కదలికలు కట్టడానికి ఏసీ 2000తో పాటు నేల మీద తయారైన మరో 143 కేటలాగులు వాడారు. 1914 నుంచి 1938 దాకా బేగంపేటలో తీసిన పలకల కొలతలు ఆ లెక్కలో ఉన్నాయి.